చెల్లిపోయిన తనఖా

1958 ఫిబ్రవరి 3
చిన్నకోటయ్య తన చేను తనఖా బాకీలో ఆఖరి వాయిదా నాన్నకు కట్టేశాడు. నాన్న వరండాలో కూర్చుని, "ఇంతటితో నీ తనఖా చెల్లురా. వచ్చే వారం గురజాల పోయి రిజిస్టరాఫీసులో కూడా కొట్టేయిద్దాం" అన్నాడు. మజ్జిగ ఇస్తూ నేనక్కడే ఉన్నాను. కోటయ్య భార్య లింగమ్మ నవ్వడం ఇవాళే చూశాను.

ఫిబ్రవరి 12
నాన్న వెళ్ళలేదు. జలుబట.

ఫిబ్రవరి 20
కోటయ్య మళ్ళీ వచ్చాడు. బావి తవ్వకానికి తాలూకా ఆఫీసువాళ్ళు లోను ఇస్తారట. చేను మీద తనఖా ఉన్నట్టు రిజిస్టరాఫీసు సర్టిఫికెట్లో కనిపిస్తే మాత్రం ఇవ్వరట. మార్చి దాటితే ఈ ఏడు ఇక లేదు. "బండి నేనే కట్టుకొస్తా అయ్యా, ఖర్చంతా నాదే" అన్నాడు. నాన్న కాదనలేదు. ఎప్పుడూ కాదనడు. ఇంకో వారం పోనీరా అన్నాడు.

మధ్యాహ్నం
పడుకుంటే నిద్ర రాలేదు. ఆ చేను మా చేనుకి ఆనుకునే ఉంది. నీళ్ళు లేకపోతే వాళ్ళే అమ్ముకుంటారని అన్నం తింటూ నాన్నే అన్నాడు.

మార్చి 4
లింగమ్మ దారిలో ఆపింది. "బాకీ తీరినాక కూడా మా మెడకి ఈ తాడేందమ్మా?" అంది. భర్త పోయి పుట్టింట్లో తలదాచుకున్నదాన్ని. నాన్నకు చెప్పినా నా మాట ఎవరు వింటారు? ఇంటికి వచ్చేశాను. ఇంట్లో ఏ పనీ సాగలేదు.

మార్చి 11
గురజాల ప్లీడరు మహమూద్ గారి నుంచి నాన్నకు నోటీసు. నాన్నకు చూపు ఆనదు, నేనే చదివాను. బాకీ తీరాక దస్తావేజులు వాపసివ్వాలి, తనఖా తీరిందని రిజిస్టరు చేయించాలి. అప్పిచ్చినవాడికి అది చట్టం పెట్టిన బాధ్యత, దయ కాదు. "నాకే చట్టం చెప్తాడా?" అని నాన్న నవ్వాడు.

మార్చి 12
జవాబు రాయమని నన్ను కూర్చోబెట్టాడు. "వడ్డీ బాపతు ఇంకా బాకీ ఉన్నందున" అన్నాడు. నా పెన్ను ఆగింది. బాకీ లేదు కదా నాన్నా, చెల్లు అని నువ్వే అన్నావు, ఇది నేను రాయను అన్నాను. ఎలా అన్నానో తెలీదు. కాగితం లాక్కుని వంకర అక్షరాలతో తనే రాశాడు. "ఎవరి తిండి తింటున్నావో గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. అందుకే రాత్రి తినలేదు.

మార్చి 13
ఆకలికి తట్టుకోలేక తిన్నాను. సిగ్గేసింది.

మార్చి 16
లింగమ్మ ఇంటికి వెళ్ళాను. కోర్టులో అడిగితే విన్నది విన్నట్టు చెబుతానన్నాను. "మీ నాయన నిన్ను బతకనిస్తాడా తల్లీ?" అని లింగమ్మ ఏడ్చింది. కోటయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

మార్చి 22
రెండో నోటీసు. దావా వేస్తారట. సాక్షుల్లో నా పేరుంది. దాన్నీ నాన్న నా చేతే చదివించాడు. నా పేరు కూడా చదివాను. నాన్న చుట్ట వెలిగించబోయి పక్కన పెట్టేశాడు. తర్వాత, "నా కూతురు బోనెక్కడమేంది?" అన్నాడు. నాతో కాదు, గోడతో.

మార్చి 24
నాన్న పొద్దున్నే మా బండే కట్టించి కోటయ్యను ఎక్కించుకుపోయాడు. సాయంత్రం లింగమ్మ పరిగెత్తుకొచ్చింది. రిజిస్టరయిందట, దస్తావేజులూ చేతికొచ్చాయట. నాన్న నాకేమీ చెప్పలేదు. వరండాలోనే విస్తరి వేయించుకున్నాడు.

ఏప్రిల్ 19
ఇంకా మాట్లాడడు. ఉప్పు కావాలన్నా పాలేరుతో చెప్పిస్తాడు. టీచర్ ట్రైనింగుకి అప్లికేషను తెప్పించాను. నింపుతాను, చింపుతాను. చేసింది తప్పని మాత్రం అనిపించడం లేదు.

జూన్ 2
కోటయ్య లోనుతో తవ్విస్తున్న బావిలో రాయి పగలడానికి తూటాలు పేల్చారు. మా గిన్నెలు కూడా అదిరాయి. "నీళ్ళు పడ్డాయేమో చూసిరావే" అన్నాడు నాన్న.
వెళ్ళాను. రాయి. నీళ్ళింకా లేవు. వచ్చి చెప్పాను.
"పడతాయిలే" అన్నాడు.