కొబ్బరితోట నా పేర రాశారు

మన్మథ సంవత్సరం, కార్తీక శుద్ధ సప్తమి. కొవ్వూరు.

నాన్నగారి పన్నెండో రోజు అయిపోయింది. నాన్నగారు అని ఈ పుస్తకంలోనే రాసుకోగలను. నన్ను పెదనాన్నగారికి దత్తు ఇచ్చిన నాటినుంచి పైకి ఆయన నాకు బాబాయిగారే. దత్తు వెళ్ళినవాడికి మూడు రోజుల మైలే అన్నారు పురోహితులు. ఇవాళ తమ్ముడు గోదావరిలో దిగి పిండాలు వదులుతుంటే నేను గట్టు మీద చుట్టాలతో నిలబడ్డాను. వాడి వేలికున్న దర్భ ఉంగరం చూసి చెప్పుకోలేని కుళ్ళు పుట్టింది.

భోజనాలయ్యాక ప్లీడరుగారు వీలునామా చదివారు. నాన్నగారు సొంతంగా కొనుక్కున్న కొబ్బరితోట నాకు రాశారు. "మా అన్నగారి కుమారునికి" అని రాయించారు.

తమ్ముడి మొహం మాడిపోయింది. "నిన్ను తలుచుకున్నారు అన్నయ్యా. నా పేరు అందులో ఎక్కడా లేదు" అన్నాడు.

"మీకెందుకండీ? మీరు కొడుకు. తాతలనాటి పొలమంతా పుట్టుకతోనే మీది. రాసివ్వాల్సింది పైవాళ్ళకే కదండీ" అన్నారు ప్లీడరుగారు.

వాడు తేరుకుని నవ్వాడు. చుట్టాలంతా నన్ను అదృష్టవంతుడన్నారు.

ఆ తోటతోపాటు పెదనాన్నగారి ఆస్తంతా వాడికే ఇచ్చేస్తాను. వాడి పేరులాగే నా పేరు కూడా ఆ వీలునామాలో లేకుండా ఉంటే చాలు.