హిందూపురం బోర్డు

తనకల్లు మండలం,
16 నవంబరు 2025, ఆదివారం.

ప్రసూనకు,

కృపాకుమారి ప్రేమతో రాయునది. ఇక్కడ నేనూ, నా బడీ క్షేమం. పామిడిలో నువ్వూ, నీ ముప్పై ఒక్కమంది పిల్లలూ క్షేమమని తలుస్తాను.

పాఠాలకు ఏమేం వాడుతున్నానో వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టమన్నావు. ఉత్తరమైతే ఎక్కువ పొద్దు పోతుందని ఇలా కూర్చున్నాను. సాయంత్రం నాలుగు దాటితే ఇక్కడ నాతో మాట్లాడేది కుక్కరొక్కటే.

లెక్కలకు వేరుశనక్కాయలు వాడకు. మనం కూడికలు మొదలుపెట్టేలోపే పిల్లలు తినేసి తీసివేతలు పూర్తిచేస్తారు. చింతగింజలు మేలు.

అన్నిటికన్నా బాగా కుదిరింది బస్సు ఆట. అట్టపెట్టెలు కోసి కదిరి, లేపాక్షి, హిందూపురం అని బోర్డులు రాశాను. గోనెసంచులు వరసగా పరిస్తే అవే సీట్లు. బోర్డు చదివినవాళ్లే ఎక్కాలి.

మూడో తరగతి అక్కమ్మకు జూన్‌లో గుణింతాలు కూడా రావు. వాళ్లమ్మ హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. పిల్ల ఇక్కడ అవ్వ తిప్పమ్మ దగ్గర. ఆటలో ఎప్పుడూ హిందూపురం బస్సే కావాలి. 'హిం' దగ్గర ఆగి, 'దూ' దగ్గర ఊపిరి పీల్చుకుని, నెలలో మొత్తం చదివేసింది. మండల సమావేశంలో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఈసారి వాన లేక వేరుశనగ కాయ పట్టలేదు. దసరా తర్వాత బడిలో మిగతా నలుగురు పిల్లలూ అమ్మానాయనల వెంట బెంగళూరు పనులకు వెళ్లిపోయారు. అక్కమ్మ డ్రైవరు, నేను ప్రయాణికురాలిని. అలా నడిపాం బస్సు. ఈ పిల్ల కూడా పోతే బడికి తాళమే.

పోయిన రెండో శనివారం చార్టులు కొనడానికని కదిరిలో హిందూపురం బస్సెక్కాను. వెనక సీట్లో అక్కమ్మ, ఒక్కతే. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం కదా, పక్కావిడ కూతురనుకున్నాడట కండక్టరు. ఎవరు ఎక్కించారే అన్నాను.

"ఎవురూ ఎక్కియ్యలేదు టీచరమ్మా. బోర్డు నేనే సదివినా."

దారి తప్పి ఉంటే? తిట్టబోయి మొహం చూశాను. పరీక్ష నెగ్గిన మొహం. తిప్పమ్మకు ఫోను చేస్తే, తెల్లారినప్పటి నుంచీ బావుల్లో వెతుకుతోందట.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్లమ్మ పిల్లను రెండు దెబ్బలు వేసి, తర్వాత కరుచుకుని ఏడ్చింది. ఒక్క గదిలో ఆరుగురు ఆడవాళ్లు ఉంటున్నారట, పిల్లకు చోటెక్కడ? అక్కమ్మ చెయ్యి నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఆడ ఉండావనే ధైర్నంతో ఈడ పని చేస్తాండా మేడం. నీతోనే పిల్చుకపో."

తీసుకొచ్చాను. నువ్వు ఈ ఆట ఆడించేటట్టయితే, బోర్డుల కన్నా ముందు పిల్లలకు ఇంట్లోవాళ్ల ఫోను నంబరు నేర్పు. నేను అది మరిచాను.

తీరిక ఉన్నప్పుడు జవాబు రాయి. పొడుగ్గా రాయి.

ఇట్లు,
నీ కృప

తా.క. చార్టుల మాట అబద్ధం ప్రసూనా. ఆ రోజు బస్సులో నా ట్రంకుపెట్టె ఉంది, సంచిలో రాజీనామా కాగితం ఉంది. హిందూపురంలో బెంగళూరు రైలెక్కి మళ్లీ రాకూడదనుకున్నాను. శుక్రవారం సాయంత్రం బడి తాళంచెవి తిప్పమ్మకు ఇచ్చి, పిల్లకు చెప్పొద్దన్నాను. పిల్ల తలుపు వెనకే ఉందట. టీచరమ్మే పోతాంటే ఇంక నేను ఎవురితో ఉండల్ల అని బస్సులో నన్నే అడిగింది. నా పెట్టె సంగతి వాళ్లమ్మకు మాత్రం ఆ పిల్ల చెప్పలేదు. తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఆ పెట్టె మీదే కూర్చుంది. తనకల్లులో దిగేదాకా లేవలేదు.