తమ్ముడి రక్తం గురించిన సవరణ

తమ్ముడికి అన్నయ్య రాయునది.

నీ రక్తంలో రోగమున్నదని కిందటి కార్డులో తెలిపిన వార్తను ఇందుమూలముగా ఉపసంహరించుకుంటున్నాను. మా ల్యాబు పరీక్షలో రోగపు అణువులు పక్కపక్కన ఉంటేనే వాటిని పట్టుకున్న డీఎన్‌ఏ పోగులు ముడిపడి, రక్తం పోసిన గొట్టం వెలగాలి. నేను పోగులు మోతాదు మించి పోయడంతో, ఆ ఇరుకులో అవి వాటంతటవే ముడిపడ్డాయి. వట్టి నీళ్లు పోసిన గొట్టం కూడా వెలిగింది. "నీళ్లకీ రోగం అంటగట్టారు, మందు కూడా మీరే రాసివ్వండి" అన్నారు మా పెద్ద మేడమ్. సరైన మోతాదుతో మూడుసార్లు చూశాము; నీ గొట్టం వెలగలేదు.

కనుక మంచం దిగు. పోతాననుకుని బావమరిదికి రాసిచ్చిన సైకిలు వెనక్కి అడుగు. వంటింటి కుళాయి ఇంకా కారుతున్నదా? అమ్మకు ఈ కార్డు గట్టిగా చదివి వినిపించు. నా తప్పున్నచోట కాస్త మెల్లగా. నీకు దీర్ఘాయుష్షును ఈసారి దీవెనగా కాక పరీక్షా ఫలితంగా పంపుతున్నాను.