ఒకటి అడగొచ్చా?

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీ నాన్న మోకాలు మాత్రం ముసురు పట్టినప్పుడు కాస్త తక్కువ క్షేమం. నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. రెండోదానికి తర్వాత వస్తాను. మొదటిది, "ఆ పాత ప్రాసెసర్లతో నీకింకా ఏం పనమ్మా?" అని. కంప్యూటరుకి ప్రాణం ప్రాసెసరే కదా. దాన్ని నిద్రలేపే మొట్టమొదటి కోడు మాది. పాతతరందైనా కొత్తతరందైనా ఆ కోడుతోనే లేవాలి.

కిందటి వారం ఒక కొత్త మిషను ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. మా టీమ్ లీడరు తొందరబాబు (ఆ పేరు పెట్టింది మీ నాన్నే) తల పట్టుకున్నాడు.

"కొత్తతరందే కదండీ, మన కోడు చెప్పిన ఈ పని దానికి రాకపోవడమేంటి?"

చూస్తే అందులోని ప్రాసెసరు చవకరకం. తరం కొత్తదే, ఆ విద్య మాత్రం దానికి నేర్పలేదు. మేమేమో తరం చూసి అన్నీ వచ్చనుకున్నాం.

"తరం చూసి తేల్చెయ్యకు నాయనా. నీకిది వచ్చా అని దాన్నే అడుగు," అన్నాను.

"అయితే పాతవాటినీ అడిగేద్దామా?"

"మరీ పాతవాటికి ఆ ప్రశ్నే అర్థం కాదు. వినగానే కొయ్యబారిపోతాయి. ముందు, అడగొచ్చా లేదా అన్నది చూసుకోవాలి."

అలాగే సరిచేశాం. తెర వెలిగింది. తొందరబాబు అందరికీ టీలు తెప్పించాడు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీశాను. "అమ్మా, ఒకటి అడగొచ్చా? నీ కళ్లెలా ఉన్నాయి?" అని రాశావు. నిజం చెప్తున్నా, ఏడుపు ఆగలేదు. మీ నాన్న "నీకేంటి, గుండ్రాయిలా ఉన్నావు" అంటారు. ఆఫీసులోనేమో "ఈ వయసులో ఇంకా ఎందుకండీ" అంటారు. ఎవరూ నన్ను అడగలేదు. నువ్వు అడిగావు, అదీ అడగొచ్చా అని అడిగి మరీ.

కుడికంట్లో నడిమి చూపు తగ్గిపోతోందమ్మా. గీత గీస్తే వంకరగా కనిపిస్తోంది. ఉద్యోగం మాన్పిస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా. ఎడమ కన్ను బాగానే ఉంది, అక్షరాలు పెద్దవి చేసుకుంటే పని సాగుతుందన్నారు డాక్టరుగారు. ఈ ఉత్తరంలో గుమ్మడికాయలంత అక్షరాలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా?

ఈ పూట మీ నాన్నకి, రేపు ఆఫీసులో చెప్పేస్తాను, నాకేం చేతకాదో, ఏం చేతనవునో. ఈ ధైర్యం నీ చలవే తల్లీ. ఇంకేమన్నా తెలుసుకోవాలనుంటే మొహమాటపడకు.

అడగొచ్చు.

ఇట్లు,
నీ పాతతరం అమ్మ