పుట్టినరోజుకు పోయి తెచ్చుకున్న చుట్టం

ఎమ్మిగనూరు,
ఆదివారం.

మా జ్యోతికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమందరం బాగున్నాం. మీ అవ్వ మోకాలు ఒక్కటే బాగాలేదు, అది నువ్వు పుట్టకముందు నుంచీ బాగాలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టు. నువ్వూ, నీ గదిలో పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ కాలేజీలో ఫోను ముట్టుకోనివ్వకపోవడం ఈసారికి మంచిదే అయింది. ఫోనులో అయితే ఈ సంగతి మొదలుపెట్టి, సగంలో తడబడి, పెట్టేసి ఉండేదాన్ని.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చెనిక్కాయల పొడి సీసా నిండా పంపిన మాట నిజం. నీకు సగమే చేరిందంటే మిగతా సగం ఎవరు తిన్నారో నేను రాయను, ఉత్తరాలు మీ వార్డెను మేడమే ముందు చదువుతుందట కదా. చదువుతుంటే నమస్కారం మేడమ్. ఇక ఫిజిక్సు అర్థం కావడం లేదని ఏడ్చానన్నావు. ఏడవొద్దు తల్లీ. ఈ మధ్య నాకు అర్థం కాకుండా పోయిన సంగతుల ముందు నీ ఫిజిక్సు ఏపాటిది!

పుట్టినరోజు ప్రయాణం ఎలా జరిగింది అన్నావు. బాగా జరిగింది. జరిగి, అక్కడితో ఆగలేదు. నాతో డిగ్రీ చదివిన స్వర్ణలత నా వెంట మన ఇంటికి వచ్చేసింది. ఆమె ఇక్కడే ఉండాలా, పోవాలా, పోతే ఎక్కడికి పోవాలి అనేది ఇప్పుడు మన ఇంట్లో తెగని పంచాయితీ. మొదటి నుంచీ చెప్తాను, నిదానంగా చదువు.

నేను జూలై ఒకటో తేదీన పుట్టలేదని నీకు తెలుసు. ఏ రోజు పుట్టానో మా అమ్మకే తెలియదు. శ్రావణంలో ఉరుకుంద జాతర ముగిసి బండ్లు తిరిగొచ్చే వేళ నొప్పులొచ్చాయని మాత్రం చెప్పేది. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు తన వీలుకొద్దీ జూలై ఒకటి వేశాడు. కర్నూలులో డిగ్రీ చేరిన రోజు చూస్తే, కమలాపురం నుంచి వచ్చిన సుబ్బక్కదీ జూలై ఒకటే, స్వర్ణలతదీ జూలై ఒకటే. మూడు ఊళ్ల అయ్యవార్లు కూడబలుక్కుని రాసినట్టు! గుమాస్తా పకపకా నవ్వాడు. మాకు రోషం వచ్చింది, ఆ రోషంలోనే స్నేహం కుదిరింది. మాలో ఎవ్వరూ పుట్టని రోజును ముగ్గురం కలిసి చదువున్నన్నాళ్లూ పండగ చేసుకున్నాం.

ఈసారి నలభై నిండుతాయి, పోయి రా పోయి రా అని పోరు పెట్టింది నువ్వే. మహానందిలో కలుద్దామంది సుబ్బక్క. ఎక్కువ ఖర్చు పెట్టకూడదని ముగ్గురం ఒట్టు వేసుకున్నాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సు ఊరికే కాబట్టి దారి ఖర్చు లేదు. నేను జొన్నరొట్టెలు, ఊరిబిండి కట్టుకుపోయాను. సుబ్బక్క ఓళిగలు చేసుకొచ్చింది. స్వర్ణలత తినేదేమీ తేలేదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే ప్రయాణానికి పెద్ద సంచి మాత్రం తెచ్చింది. సుబ్బక్క నా వైపు చూసింది, నేను సుబ్బక్క వైపు చూశాను.

దర్శనం చేసుకుని, అరటితోటల పక్కన సత్రం అరుగు మీద కూర్చున్నాం. కేకు లేదు కాబట్టి సుబ్బక్క ఓళిగ మీద కొవ్వొత్తి నిలబెట్టింది. అది నేతిలో జారి పడిపోయింది. మళ్లీ నిలబెడితే మళ్లీ పడింది. కాలేజీలో నవ్వినట్టు పొట్టలు పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ స్వర్ణలత ఏడ్చేసింది.

"ఏమే, ఏమాయె?" అంది సుబ్బక్క.

"ఏం లేదులే. నవ్వి శానా దినాలాయె, దవడలు నొప్పి పుట్నాయి."

స్వర్ణలత భర్తకు కోయిలకుంట్లలో ఎరువుల అంగడి ఉంది. పిల్లలు లేరు. అమ్మానాన్నలు పోయారు, అన్న ఉన్న ఇల్లు అమ్ముకుని వేరే ఊరు పోయాడు. మొగుడు కొడతాడా అని అడిగింది సుబ్బక్క.

"కొట్టడు. తాగడు. ఇంట్లోకి ఏ సరుకూ తక్కువ చెయ్యడు. మాట్లాడడు, అంతే. నేను పలకరిస్తే గోడ దిక్కు చూస్తాడు. ఎన్నేండ్ల నుంచో నాకే గుర్తు లేదు."

"జగడమేమన్నా ఆడినావా?"

"జగడమాడేదానికైనా ఇద్దరూ మాట్లాడల్ల గదా సుబ్బక్కా."

సుబ్బక్క ఇంకో ఓళిగ తీసి ఆమె చేతిలో పెట్టింది. ఓళిగలు తినేసి, నంద్యాల బస్టాండుకు వచ్చాం. సుబ్బక్క కడప బస్సు ఎక్కి చెయ్యి ఊపింది. కోయిలకుంట్ల బస్సు కూడా అక్కడే నిలబడి ఉంది. స్వర్ణలత దాని పక్క నుంచే నడిచి వచ్చి, నా వెనకే కర్నూలు బస్సు ఎక్కి, నా పక్కన కూర్చుంది. కండక్టరు వచ్చి "యాడికమ్మా?" అన్నాడు. ఆమె నా ముఖం చూసింది.

"ఇద్దరికీ కర్నూలే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి రాగానే మీ అవ్వ గడప దగ్గరే అడిగింది, "ఎవురే ఈ పాప?" అని. స్నేహితురాలు, రెండు దినాలుండి పోతుంది అన్నాను. నీ మంచం మీద పక్క వేశాను, కోప్పడవద్దు. మీ నాన్నకు సంగతి చెప్తే ఆయన మగ్గం ఆపి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కొట్టనోన్ని, తాగనోన్ని ఇడిసిపెట్టి వస్తారా యాడన్నా? నీతోనైనా, మా అమ్మతోనైనా నేను దినమంతా మాట్లాడతానా ఏంది?" అన్నాడు. ఆమె ముఖం చూస్తే ఆమెదే న్యాయం అనిపిస్తుంది. మీ నాన్న మాట వింటే అదీ నిజమే కదా అనిపిస్తుంది. రెండు వైపులా తలూపి తలూపి నా మెడ పట్టేసింది.

రెండు దినాలు వారమయ్యాయి, వారం దాటిపోయింది. ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టడం నేర్చుకుంది. మాటలు మాత్రం, అబ్బా! ఇన్నేళ్లు మింగినవన్నీ ఒక్కసారి బయటికొస్తున్నట్టు, మీ అవ్వను కూర్చోబెట్టుకుని పొద్దుగూకేదాకా చెప్తూనే ఉంటుంది. మీ అవ్వ "నోరా అది, మర ఆడినట్లు ఆడతాంది" అని తిడుతుంది. ఆమె స్నానానికి పోయి కాస్త ఆలస్యమైతే మాత్రం "యాడికి పాయె ఆ పాప?" అని అడుగుతుంది. వీధిలో వాళ్లు నీళ్ల కొళాయి దగ్గర నన్ను ఆపి, ఎవరామె, ఎన్నాళ్లుంటుంది, మొగుడు వదిలేశాడా అని గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. నేను కోయిలకుంట్లకు ఫోను చేశాను. ఆయన ఎత్తాడు. మీ ఆవిడను వచ్చి పిలుచుకుపోతారా అన్నాను. "ఆమె ఇష్టం" అని పెట్టేశాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మార్కెట్ ధర చెప్పినట్టు చెప్పాడు.

ఇప్పుడు నీకొక మాట చెప్పాలి. మీ నాన్నకు కూడా చెప్పలేదు. ఈ చిక్కు నేను మోయలేనని, ఆమెను పంపేయాలని నేనే అనుకున్నాను. నోటితో పొమ్మనడం చేతకాలేదు. పొమ్మనలేక పొగబెట్టారంటారు. నేను పొగ పెట్టలేదు, ఒడిబియ్యం పోశాను. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను తిరిగి అత్తగారింటికి పంపేటప్పుడే కదా ఒడి నింపుతాం. ఆ మర్యాద చేస్తే ఆమె అర్థం చేసుకుని తనంతట తానే బయలుదేరుతుందని నా ఎత్తు. పీట వేసి తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, రవికగుడ్డ, అన్నీ పద్ధతిగా పెట్టాను. ఆమె కొంగు ముడి వేసుకుంది, మీ అవ్వ కాళ్లకు మొక్కింది. "రేపు పొద్దన్నే పోతాలే హేమా" అంది మెల్లగా. మంచి పని చేశానో, మర్యాద ముసుగులో గెంటేశానో నాకే తెలియలేదు.

పొద్దున వంటింట్లో గిన్నెల చప్పుడైతే లేచి పోయి చూశాను. స్వర్ణలత పొయ్యి దగ్గర ఉంది. కొంగు ముడి విప్పి ఉంది. ఆ పసుపు బియ్యమంతా మన గిన్నెలో ఉడుకుతోంది. మీ అవ్వ నా కంటే ముందే లేచి గడపలో కూర్చుని ఉంది.

"ఏం పాపా, ఒడిబియ్యం అత్తగారింటికి పోయి వండి నలుగురికి పెట్టల్ల గదా, ఈడ వండితివేమి?" అంది.

"ఆడ వండితే నాతో కూచోని తినేటోళ్లు ఎవురుండారమ్మా? ఈడైతే ముగ్గురుండారు" అంది స్వర్ణలత, వెనక్కి తిరగకుండానే.

అప్పుడు మీ అవ్వ మోకాలు పట్టుకుని లేచి, తానే అన్నం తట్ట తీసుకుని వచ్చి కూర్చుంది. "వడ్డించు మరి. పుట్టింటి బియ్యం పుట్టింట్లోనే వండుకునింది, తప్పేముండాది?" అంది నా వైపు చూస్తూ. మీ నాన్నా వచ్చి కూర్చున్నాడు. తల వంచుకుని తిని, "కండెలు నీ కంటే ఈమెనే నున్నగా చుడతాది" అన్నాడు నాతో. ఆయన నోటి నుంచి ఒప్పుకోలు అంతకంటే రాదని నీకు తెలుసు.

నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. ఆ బియ్యం ఎందుకు పోశానో ఆమెకు తెలుసు జ్యోతీ. తెలిసే, "ఇంగొంచెం పెట్టుకో హేమా" అని నాకు రెండోసారి వడ్డించింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె పోలేదు. రేపు ఏమవుతుందో, కోయిలకుంట్ల సంగతి ఎలా తేలుతుందో నాకేమీ తెలియదు. నువ్వొస్తే ఆమెను ఏమని పిలవాలో కూడా తెలియదు. నాతో చదివింది కాబట్టి నా లెక్కన నీకు చిన్నమ్మ. మీ అవ్వ లెక్క వేరే, స్వర్ణలత ఆమెకు కూతురట. నేనీ ఉత్తరం రాస్తుంటే మీ అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆలోచించుకో అత్తా అని నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"రాయి," అంది, "జ్యోతికి మేనత్త వచ్చిందని రాయి."

రాశాను.

ఇట్లు,
ఏమీ పాలుపోని మీ అమ్మ,
హేమావతి.