రెండు రోజులు, ఒక జత చెప్పులు

మహారాజశ్రీ సింహాద్రి బావగారి దివ్య సముఖానికి,

చదివే వీలులేని మీకు ఉత్తరం రాసి, మీ అమూల్యమైన సమయం వృథా చేస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు వేటకెళ్లిన బోటు తిరిగిరాక నేటికి ఏడాది బావా. పొద్దున్నే మీ అమ్మ పిలిచింది. "ఒరే, ఆడి ఆకరి రోజు కబురు మళ్లీ సెప్పరా."

చెప్పాను. అల నీ చెప్పొకటి లాక్కుపోయింది. "సముద్రానికి ఒంటి సెప్పెందుకు బావా, జత ఉండాల" అంటూ నువ్వు రెండోదీ విసిరేశావు. ఇద్దరం పగలబడి నవ్వాం.

అది ఆదివారం. నువ్వు వెళ్లింది మంగళవారం. దగ్గర దగ్గర జరిగినవాటిని మెదడు ముడేసి దాస్తుందనీ, ఎడంగా జరిగినవాటిని విడిగా దాస్తుందనీ మా సైకాలజీ మేడం చెప్పింది. నా మెదడుకు శ్రమ లేకుండా ఆ ముడి నేనే వేసి మీ అమ్మకిచ్చాను. ఇప్పుడు విప్పడం నాకే రావడం లేదు. మంగళవారాన్ని తలుచుకుంటే ఆదివారం నవ్వు వినిపిస్తోంది.

అంతా విని, మీ అమ్మ తన సంచిలోంచి కొత్త చెప్పులు తీసింది. "ఒట్టికాళ్లతో బోటెక్కేసినాడు నా కొడుకు. పద, సముద్రంలో ఇడిసొద్దాం."

వెళ్లాను, విడిచాను. అల రెండింటినీ వెనక్కి తెచ్చింది. మళ్లీ విసిరాను. నోరు మాత్రం విప్పలేదు. విప్పితే, ఆ రోజు నీ కాళ్లు నేనెక్కడ చూశానని అమ్మ అడుగుతుంది.

మంగళవారం నువ్వు మా తలుపు కొట్టావు. పరీక్ష తప్పి నాకు బ్యాక్‌లాగ్ పడిన సంగతి అందరికీ చెప్పేశావని అలిగి నేను పలకలేదు. తలుపు కింది సందులోంచి నీ కొత్త నీలం చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. "ఎల్లొస్తాను బావా" అన్నావు.

నేను లోపలే ఉన్నాను.