నాలుగో పిన్ను

జహీరాబాద్,
మంగళవారం.

చిరంజీవి గ్లోరీకి తాత దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నా కాళ్ళే ఒకచోట నిలవడం లేదు.

నువ్వు అడిగినవి చెబుతాను. ఝరాసంగంలో చేను దున్నించాం. మీ నానమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. "పొద్దటి సంది గేటుకూ కుర్చీకీ తిరుగుతనే ఉన్నవ్. పిల్ల ఏం రాసిందో జర నాకు గూడ చెప్పు" అని ప్రాణం తీస్తోంది.

ఏం చెప్పను? సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక మీ ఫోన్లు తీసేసుకున్నారని ఉత్తరం రాశావు. నీ పనిముట్ల పెట్టెలో ఒక పానా తక్కువైందని, నువ్వు మందుగుండు నింపిన విమానంలోనే పడిపోయి ఉంటుందని రాశావు. మీ సీనియర్ "వేరే పెట్టెలోది పెట్టి ఊరుకో" అంటే పెట్టేశావట! చెబితే కొలువు పోతుందా తాతా అని అడిగావు. పోవచ్చు తల్లీ.

నా మెడల్ ఎందుకు పెట్టుకోనని కూడా అడిగావు. డెబ్బై ఒకటి యుద్ధంలో నేనూ విమానాలకు మందుగుండు నింపే నీ పనే చేశాను. విమానానికి నాలుగు తుపాకులు. నేల మీద పేలకుండా ఒక్కోదానికి ఎర్రగుడ్డ కట్టిన పిన్ను ఉండేది. ఎగిరే ముందు వాటిని పీకి, పైలట్‌కు కనబడేలా చెయ్యెత్తి పట్టుకోవాలి. ఆయన లెక్కపెట్టుకుని తలూపుతారు. ఆ ఉదయం నా చేతిలో నాలుగూ ఉన్నాయి. కానీ అందులో ఒకటి అంతకుముందు పంపిన విమానానిది; దీని పిన్ను ఒకటి తుపాకిలోనే ఉండిపోయింది. పైలట్ సాబ్ నవ్వి, తలూపి వెళ్ళిపోయారు.

శత్రువుల విమానాశ్రయం మీద కిందికి దిగి కాల్చారు. ఒక తుపాకి పలకలేదు. నిలిపి ఉంచిన విమానాల్లో రెండు మిగిలాయని మళ్ళీ తిరిగి వెళ్ళారట. ఈసారి వాళ్ళ ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. జతగా వెళ్ళిన పైలట్ ఒక్కడే తిరిగొచ్చి ఈ సంగతి చెప్పాడు. సాయంత్రం లెక్కిస్తే ఒక పిన్ను తక్కువ. పాత సామాన్లలోంచి ఒకటి తెచ్చి కలిపేశాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఈ యాభై ఏళ్ళూ సిగ్గుతో చస్తూనే ఉన్నాను.

గ్లోరీ, కోపం తెచ్చుకోకు. ఈ ఉత్తరం నిన్ను చేరడానికి ఐదు రోజులు పడుతుంది. ఆ పానా లోపల ఎక్కడ ఇరుక్కున్నా ప్రాణానికి ముప్పే, అంతవరకు ఆ విమానం ఆగుతుందా? నువ్వు కొలువులో చేరినప్పుడు మీ ఆఫీసువాళ్ళు ఇంటికిచ్చిన నంబరుకు ఇప్పుడే ఫోన్ చేశాను. నీ పేరు చెప్పాను. పానా సంగతి చెప్పాను. ఆగలేక నా పిన్ను సంగతి కూడా చెప్పేశాను. ఆ ఆఫీసరు నీ పేరు మళ్ళీ అడిగి రాసుకున్నాడు. తర్వాత "విమానం ఆపిస్తున్నాం" అన్నాడు.

మీ నానమ్మ గడపలో నిలబడి అంతా వింది. "పిల్ల నౌకరి నీ చేతులతోనే తీస్తివి గదా" అంది. అవును, తీశానేమో. ఇక నాతో మాట్లాడనంటే మానెయ్. కానీ ఆ విమానం నడిపే పైలట్ దగ్గరికి మాత్రం నువ్వే వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పు. నాకు చెప్పుకోవడానికి మా సాబ్ మిగల్లేదు.

ఇట్లు,
నువ్వు తిట్టినా నీవాడే అయిన తాత,
వెస్లీ